కుక్క మెడకి కోన్ పడ్డాక: మొదటి గంట నుంచి కుట్లు విప్పే రోజు దాకా

మా కుక్క మల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించింది ఏప్రిల్‌లో. కుట్లు నాకకుండా దాని మెడ చుట్టూ గరాటు లాంటి ప్లాస్టిక్ కోన్ తొడిగారు. మూడో రోజు పొద్దున అది గోడ వైపు మొహం పెట్టి, కోన్ అంచు నేలకి ఆనించి, పావుగంట సేపు కదలకుండా నిలబడిపోయింది. "అయ్యో, దానికి ఊపిరాడట్లేదేమో, కాసేపు తీసెయ్యమ్మా, మనం చూస్తూనే ఉన్నాంగా" అంది మా అత్తయ్య. నాకూ మనసు ఒప్పలేదు, తీసేశాను. అంతలో పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. వంటింట్లోకి వెళ్ళి మంట తగ్గించి వచ్చాను, అంతసేపే. వచ్చేసరికి మల్లి ఒక పక్కకి ఒరిగి, ముందు పళ్ళతో కుట్టుని ఎంతో ఓపికగా, పేలు చూసుకున్నట్టు, కొరుకుతోంది. రెండు కుట్లు ఊడి, చర్మం విచ్చుకుని ఉంది.

డాక్టరు గారు మళ్ళీ మత్తిచ్చి కుట్లు వేశారు. రోజుల లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలైంది. ఆయన నన్ను ఏమీ అనలేదు. "కోన్ తీయడం కాదమ్మా, ముందు ఇంట్లో అడ్డాలు తీయండి" అన్నారు. ఆ రెండో విడత 14 రోజుల్లో నేను నేర్చుకున్నదంతా ఆ ఒక్క మాటలోంచి వచ్చిందే. కుక్క చేత కోన్‌ని భరింపజేయడం కన్నా, కోన్‌తో తిరగడానికి వీలుగా ఇంటిని, తిండిని, పడకని మార్చడం చాలా తేలిక. ఎలా మార్చాలో వరసగా చెప్తాను.

నాకితే ఏమవుతుంది

"నాకితే పుండు తొందరగా మానుతుంది" అని మన ఇళ్ళల్లో గట్టిగా నమ్ముతారు. కుక్క లాలాజలంలో కొన్ని క్రిముల్ని అణిచే గుణం కాస్త ఉన్నమాట నిజమే. కానీ అదే నోట్లో లెక్కలేనన్ని బాక్టీరియా కూడా ఉంటాయి. అదే నాలుకతో అది పాదాలూ, మలద్వారం, నేలా అన్నీ నాకుతుంది. ఎప్పుడూ తడిగా ఉండే గాయం మెత్తబడి చీము పడుతుంది. నాలుక కన్నా ముందు పళ్ళు ఇంకా ప్రమాదం. వాటితో దారాన్ని పట్టి లాగడం కుక్కకి క్షణాల పని. పొట్ట మీది కుట్టు లోపలి పొరలతో సహా విచ్చుకుంటే ప్రాణానికే ముప్పు.

చర్మం అతుక్కోవడానికి మామూలుగా 10 నుంచి 14 రోజులు పడుతుంది. మొదటి రెండు రోజులూ మత్తు, నొప్పి మందుల వల్ల కుక్క గాయాన్ని అంతగా పట్టించుకోకపోవచ్చు. తర్వాత మానుతున్న చర్మం దురద పెడుతుంది, గొరిగిన చోట వెంట్రుకలు మొలుస్తూ గుచ్చుకుంటాయి. సరిగ్గా అప్పుడే పైకి గాయం ఆరినట్టు కనిపించి, "ఇంక పరవాలేదులే" అని మనకి అనిపిస్తుంది. నేను దెబ్బ తిన్నది అక్కడే.

ఏ గాయానికి ఏ కోన్

దీని అసలు పేరు ఎలిజబెతన్ కాలర్. 16వ శతాబ్దంలో రాణి మొదటి ఎలిజబెత్ కాలంలో ఇంగ్లండు దొరలు మెడ చుట్టూ కట్టుకున్న మడతల కాలరుని పోలి ఉంటుందని ఆ పేరు. మన దగ్గర అందరూ కోన్ అనే అంటారు. మా వీధి పిల్లలైతే "మైకు" అంటారు, గుడి మీది లౌడ్‌స్పీకరులా ఉంటుందని.

గట్టి ప్లాస్టిక్ కోన్ అన్నిటికన్నా నమ్మకమైనది. కన్ను, చెవి, ముఖం, కాలు, తోక, వీటిలో దేనికి గాయమైనా ఇదే వాడాలి. కంటికి ఆపరేషన్ అయినా, పగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు జాతులకి తరచుగా వచ్చే కంటి పుండైనా ఇందులో రాజీ పడొద్దు. ముందు కాలితో ఒక్కసారి రుద్దుకుంటే చాలు, చూపు పోవచ్చు. కొనేటప్పుడు పారదర్శకంగా ఉన్నది తీసుకోండి. రంగు ప్లాస్టిక్ అయితే పక్కల నుంచి ఏమీ కనపడక కుక్క ఎక్కువ బెదురుతుంది.

గుడ్డతో చేసిన మెత్తటి కోన్ పడుకోవడానికి హాయిగానే ఉంటుంది గానీ, పట్టుదల ఉన్న కుక్క దాన్ని వెనక్కి మడిచేసి నోరు పెట్టేస్తుంది. గాలి నింపే ట్యూబు లాంటి కాలరు వీపు, రొమ్ము మీద గాయాలకి కొంత పనికొస్తుంది. కానీ కాళ్ళూ తోకా దానికి అందుతూనే ఉంటాయి, మూతి పొడుగ్గా ఉన్న మన దేశీ కుక్కలకి పొట్ట కూడా అందుతుంది.

చిన్న ఊళ్ళలో కోన్ దొరక్కపోతే పాత ఎక్స్‌రే ఫిల్ములు చుట్టి, ప్లాస్టరుతో అతికించి ఇస్తారు. నేను చూశాను, మెడ వైపు అంచుకి దూది పెట్టి గుడ్డ ప్లాస్టరు చుడితే అది బాగానే పనిచేస్తుంది. ప్లాస్టిక్ బకెట్ అడుగు కోసి తొడగడం మాత్రం వద్దు. అది బరువు, కోసిన అంచు మెడని చీరేస్తుంది.

కొలతలు, ఒక చిన్న పరీక్ష

బట్టలు కొలిచే టేపుతో మెడ చుట్టుకొలత తీసుకోండి. తర్వాత మెడ పట్టీ ఉండే చోటు నుంచి ముక్కు కొస దాకా కొలిచి, దానికి రెండు అంగుళాలు కలపండి. కోన్ అంత పొడుగుండాలి. తొడిగాక మెడకీ కోన్‌కీ మధ్య మీ రెండు వేళ్ళు దూరాలి. మూడు నాలుగు వేళ్ళు దూరితే ముందు కాలు పెట్టి లాగేసుకుంటుంది, ఒక్క వేలే దూరితే గొంతు నొక్కుకుంటుంది.

కొలత సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి మీరే కుక్కని ఊరించండి. ఉడికించిన చికెన్ ముక్క ఒకటి చేతిలో పట్టుకుని, దాని ముక్కు దగ్గర నుంచి మెల్లగా గాయం వైపు తీసుకెళ్ళండి. ఒళ్ళు ఎంత వంచినా ముక్కు గాయానికి తగలకపోతే కోన్ సరైనది. తగిలితే ఇంకో సైజు పెద్దది అడగండి. మొహమాట పడకుండా క్లినిక్‌లోనే ఈ పరీక్ష చేయండి.

కోన్ మెడకి నిలవాలంటే దాని కొక్కేల్లోంచి కుక్క మామూలు పట్టీని గానీ, గాజుగుడ్డ పట్టీని గానీ దూర్చి కట్టాలి. మెడ మందంగా, తల చిన్నగా ఉండే కుక్కలకి ఇది జారిపోతుంది. అలాంటప్పుడు ఒంటి పట్టీకి (హార్నెస్) రెండు వైపులా కట్టి ఆపొచ్చు, ఆ పట్టీ గాయం మీద పడకుండా చూసుకుంటే చాలు.

ఆపరేషన్ ముందే తెలిస్తే, వారం ముందు నుంచి

గర్భసంచి ఆపరేషన్ లాంటివి తేదీ పెట్టుకునే చేయిస్తాం. కాబట్టి కోన్‌ని ముందే కొని ఇంటికి తెచ్చుకోండి. మొదటిసారి మేము ఈ పని చేయలేదు. మత్తు దిగుతున్న కుక్క కళ్ళు తెరిచేసరికి మెడ చుట్టూ ఏదో ఉంది, చప్పుడు వింతగా వినిపిస్తోంది, పక్కలు కనిపించడం లేదు. అది బెదరకుండా ఎలా ఉంటుంది?

మొదటి రెండు రోజులు కోన్‌ని వెడల్పు వైపు పైకి పెట్టి నేల మీద ఉంచండి. లోపల అడుగున ఒక గుడ్డు ముక్కో, క్యారెట్ ముక్కో వేయండి. దాన్ని తినడానికి అదే తల లోపల పెడుతుంది. మీరు ఏమీ అనొద్దు, తొయ్యొద్దు. కోన్ తిండి దొరికే చోటని దానికి తెలియాలి, అంతే.

మూడో రోజు నుంచి కోన్‌ని చేత్తో అడ్డంగా పట్టుకుని, ఇరుకు వైపు కంతలోంచి తినే ముక్క చూపించండి. ముక్కు పెడితే ముక్క. తర్వాత కళ్ళ దాకా వస్తే ముక్క. చెవులు దాటితే రెండు ముక్కలు. తల వెనక్కి తీసుకుంటే తీసుకోనివ్వండి. పట్టి ఆపితే మీ నాలుగు రోజుల కష్టం ఒక్కసారిగా పోతుంది.

అయిదో రోజు కట్టి, పది క్షణాల్లో తీసేయండి. తర్వాత నిమిషం, అయిదు నిమిషాలు, అన్నం తిన్నంతసేపు. తొడిగి ఉండగానే పిలిచి నడిపించండి. వారం తిరిగేసరికి అరగంట హాయిగా ఉండగలిగితే చాలు.

కుక్కకి వేసే ముక్కల్లో ఉప్పూ కారం, ఉల్లి, వెల్లుల్లి ఉండకూడదు. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కలకి విషం.

ఇంటికొచ్చిన మొదటి గంట

క్లినిక్‌లోనే కోన్ తొడిగించుకుని బయల్దేరండి. "ఇంటికెళ్ళాక వేద్దాంలే" అనుకుంటే ఆటోలోనే పని అయిపోతుంది.

ఇంటికొచ్చాక కుక్క చేసేవి రెండు మూడు రకాలుగా ఉంటాయి. కొన్ని శిలలా నిలబడిపోతాయి. కొన్ని వెనక్కి వెనక్కి నడుస్తాయి, కోన్‌లోంచి బయటపడదామని. కొన్ని గోడలకీ తలుపులకీ కొట్టుకుంటూ పరుగు తీస్తాయి. ఇది మొండితనం కాదు, నటన అసలే కాదు. 2020లో సిడ్నీ విశ్వవిద్యాలయం పరిశోధకులు కోన్ వేసిన కుక్కల, పిల్లుల యజమానులు 434 మందిని అడిగితే, 77 శాతానికి పైగా మంది కోన్ ఉన్నన్నాళ్ళూ తమ జంతువు బతుకు దిగజారిందనే చెప్పారు. తిండి, నీళ్ళు, ఆట అన్నిటికీ ఇబ్బందే. అందుకే దాని కష్టం నిజమని ముందు ఒప్పుకుని, తర్వాతే పని మొదలుపెట్టాలి.

ఆ మొదటి గంట ఇంటికి చుట్టాలెవర్నీ రానివ్వకండి. టీవీ కట్టేయండి, ఎందుకంటే కోన్ శబ్దాన్ని చెవుల చుట్టూ పోగేస్తుంది. ఫ్యాన్ తిరిగే గదిలో చాప వేసుకుని మీరే దాని పక్కన కింద కూర్చోండి. ఎదురుగా వచ్చి తాకండి, పక్క నుంచి చెయ్యి వేస్తే కనపడక ఉలిక్కిపడుతుంది. నిలబడిపోయిందా, ఒక అడుగు దూరంలో ముక్క చూపించండి. ఒక అడుగు వేస్తే ముక్క ఇచ్చి, మళ్ళీ ఇంకో అడుగు. మత్తు దిగని కుక్కకి తిండి కొద్దిగానే, అదీ డాక్టరు చెప్పిన వేళకే ఇవ్వాలి కాబట్టి ముక్కలు గోరంత ఉంటే చాలు. తలుపు దాకా నడవడానికి మల్లికి పన్నెండు ముక్కలు పట్టాయి. తిరుగు ప్రయాణానికి నాలుగు.

గడప

మొదటి విడతలో మల్లి గోడ దగ్గర ఎందుకు ఆగిపోయిందో నాకు రెండో విడతలో గానీ అర్థం కాలేదు. దానికి ఊపిరి బాగానే ఆడుతోంది. కుక్క నడిచేటప్పుడు తల దించి వాసన చూస్తూ నడుస్తుంది. తల దించగానే కోన్ కింది అంచు నేలకి తగులుతుంది, గచ్చు మీద గీసుకుంటూ గరగరమంటుంది. గడప దగ్గరికి రాగానే ఆ అంచు గడప చెక్కకి ఠక్కున గుద్దుకుంటుంది. దానికి ఆ అడ్డం కనపడదు, మెడకి మాత్రం దెబ్బ తెలుస్తుంది. రెండుసార్లు తగిలాక అది ఇంక కదలదు.

నేను చేసింది ఇది. మల్లి గడప దగ్గరికి రాగానే నా రెండు వేళ్ళు కోన్ కింది అంచుకి పెట్టి, ఒక్క అంగుళం పైకి లేపి, "ఎత్తు" అనేదాన్ని. తల లేస్తుంది, కోన్ గడప దాటుతుంది, ముక్క దొరుకుతుంది. మొదటి రోజు అలా ఇరవై సార్లయినా చేసి ఉంటాను. రెండో రోజు వేళ్ళు ఆనిస్తే చాలు, లేపనక్కర్లేదు. మూడో రోజు సాయంత్రం నేను వంటింట్లోంచే "ఎత్తు" అంటే, గడప ముందు ఆగి, తల ఎత్తి, దాటింది. మెట్లకీ ఈ మాటే పనికొస్తుంది, కానీ కుట్లు ఉన్నన్నాళ్ళూ మెట్లు ఎక్కనివ్వకపోవడమే మంచిది. చిన్న కుక్కయితే ఎత్తుకోండి.

మిగతా ఇల్లు కూడా ఒకసారి కుక్క ఎత్తుకి వంగి చూడండి. మంచం కింద, సోఫా వెనక సందు, బీరువా పక్క సందు, ఇవన్నీ తల దూర్చాక వెనక్కి రాలేని చోట్లు. సూట్‌కేసులో దిండ్లో అడ్డం పెట్టండి. ఫోను చార్జరు వైర్లు పైకి చుట్టేయండి. బాల్కనీలో పూల కుండీలు, స్టూళ్ళు గోడ వైపు జరపండి. కోన్‌తో ఉన్న కుక్కకి ఆ పక్కా ఈ పక్కా చెరో అర అడుగు ఎక్కువ దారి కావాలి, అంతే.

తిండీ నీళ్ళూ

మల్లి తిండి మానేసిందని కంగారు పడ్డాం. తీరా చూస్తే దాని గిన్నె వెడల్పు. కోన్ అంచు గిన్నె అంచుకి తగిలి నోరు అన్నానికి అందడం లేదు. చెయ్యాల్సింది చిన్న పని. కోన్ వెడల్పు కన్నా చిన్న గిన్నె తీసుకుని పీట మీద పెట్టండి. అప్పుడు కోన్ గిన్నె చుట్టూ దిగుతుంది, నోరు లోపలికి వెళ్తుంది. పీట కదలకుండా గోడకి ఆనించండి. కోన్ మరీ పొడుగైతే గిన్నె బదులు పళ్ళెం వాడొచ్చు.

రెండు రోజులు చేత్తో పెట్టినా తప్పు లేదు. అన్నం, ఉడికించిన చికెన్ కలిపి నిమ్మకాయంత ముద్దలు చేసి అరచేతిలో పెట్టండి. పెరుగు అలవాటున్న కుక్కయితే పెరుగన్నం కూడా ఇవ్వొచ్చు, తాలింపు లేకుండా.

నీళ్ళ విషయంలో మాత్రం ఊరుకోవద్దు. రోజుకి కిలో బరువుకి 50 నుంచి 60 మిల్లీలీటర్ల దాకా కావాలి, ఎండాకాలంలో ఇంకాస్త. మల్లి 16 కిలోలు, అంటే లీటరుకి కొంచెం తక్కువ. కోన్ వేసుకున్న కుక్క దాహం వేసినా గిన్నె దగ్గర నాలుగుసార్లు తగిలితే తాగకుండా వెనక్కి వెళ్ళిపోతుంది. రెండు గంటలకోసారి మీరే గిన్నె దాని నోటి ఎత్తుకి పట్టుకోండి. ఎన్ని గ్లాసులు పోశారో, ఎంత మిగిలిందో చూసుకుంటూ ఉండండి.

తిన్నాక కోన్ లోపలి వైపు తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టండి. అన్నం మెతుకు ఒకటి గడ్డం కింద ఇరుక్కుంటే సాయంత్రానికి వాసనొస్తుంది, చీమలు పడతాయి.

రాత్రిళ్ళు

"పడుకుందిగా, ఇప్పుడు తీసేద్దాం" అని అందరికీ అనిపిస్తుంది. మనం నిద్రపోతున్నప్పుడు అది కుట్లు ఊడదీసుకున్నా మనకి తెలియదు. రాత్రి కోన్ తప్పకుండా ఉండాలి.

హాయిగా పడుకోవాలంటే మెడ కింద ఆధారం కావాలి. పాత దుప్పటిని గట్టిగా చుట్టి తాడుతో కట్టండి, గుండ్రటి పొడుగు దిండులా. కుక్క పడుకున్నాక దాన్ని మెడకీ కోన్ అంచుకీ మధ్య జరపండి. తల దాని మీద ఆనుతుంది, కోన్ అంచు గాలిలో ఉంటుంది. మల్లి మొదటి రాత్రి గంటకోసారి లేచి తిరిగింది. ఈ చుట్ట పెట్టిన రాత్రి తెల్లారేదాకా లేవలేదు. మంచం మీద పడుకునే కుక్కయితే ఈ రెండు వారాలు పరుపు కిందికి దించి మీరూ కింద పడుకోండి, దూకుళ్ళు తప్పుతాయి.

బయటికి తీసుకెళ్ళేటప్పుడు

ఒంటికి, రెంటికి తప్ప షికార్లు వద్దు. పొట్టిగా పట్టుకున్న తాడుతో అయిదు పది నిమిషాలు చాలు. కోన్‌తో అది నేల వాసన చూడలేదు. వాసన చూడకుండా చాలా కుక్కలు పని కానివ్వవు. కాబట్టి మెత్తటి మట్టి, గడ్డి ఉన్న చోటికి తీసుకెళ్ళి, అది తల దించితే కోన్ అంచు మట్టిలో గుచ్చుకోకుండా మీ చేత్తో కాస్త పైకి పట్టండి.

వీధి కుక్కలతో జాగ్రత్త. కుక్కలు ఒకదాన్నొకటి చెవుల్ని, ముఖాన్ని, మెడని చూసి పలకరించుకుంటాయి. కోన్ వెనక ఇవేవీ కనపడవు. ఎదురుగా వస్తున్నది కుక్కో, ఇంకేదో తెలియక అవి మొరుగుతాయి, మీదికి వస్తాయి. మీ కుక్కకి పక్కలు కనపడవు, తప్పుకోలేదు. జనం, కుక్కలు తక్కువగా ఉండే వేళ చూసుకోండి. మేము పొద్దున 5 గంటలకి, రాత్రి 10 తర్వాత దింపేవాళ్ళం.

చాలామంది నన్నడిగారు, "వీధి కుక్కలకి ఆపరేషన్ చేసి వదిలేస్తారు కదా, వాటికి కోన్ ఉండదు కదా" అని. జంతు జనన నియంత్రణ కార్యక్రమంలో ఆపరేషన్ చేసిన కుక్కల్ని కోలుకునేదాకా కేంద్రంలో ఉంచి, చెవికి గాటు పెట్టి, పట్టుకొచ్చిన చోటే వదలాలి. 2023 నియమాలు కూడా అలాగే చెప్తాయి. వీధిలో కోన్‌తో తిరిగే కుక్క తిండి వెతుక్కోలేదు, బండ్ల నుంచి తప్పించుకోలేదు. మన ఇంట్లో గిన్నె పట్టుకునే మనిషి ఉంది కాబట్టే కోన్ పెట్టగలుగుతున్నాం. అందుకే కోన్ ఉన్న కుక్కని ఒంటరిగా వీధిలోకి, డాబా మీదికి వదలొద్దు.

ఎండ, ఈగలు, దురద

కుక్క ఒళ్ళు చల్లబడేది ముఖ్యంగా రొప్పడం వల్ల. ప్లాస్టిక్ కోన్ లోపల ఆ వేడి గాలి తిరుగుతూ ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాన్ని ఫ్యానో కూలరో ఉన్న గదిలోనే ఉంచండి, గాలి ఎదురుగా కోన్‌లోకి వచ్చేట్టు. కూలరు తడి గాయం మీద పడకూడదు. కుట్లు విప్పేదాకా స్నానం లేదు.

వానాకాలంలో ఈగలు పెద్ద శత్రువులు. తడి గాయం మీద ఈగ వాలి గుడ్లు పెడితే పురుగులు పడతాయి. కోన్ ఉన్న కుక్క ఈగని తోలుకోలేదు. పగలు పడుకున్నప్పుడు పసిపిల్లల దోమతెర వేస్తే చాలు. పసుపు, వేపనూనె, బూడిద, మన ఇంట్లో పుండ్లకి రాసే ఆయింట్‌మెంట్లు, ఏవీ కుట్ల మీద వేయొద్దు. డాక్టరు రాసిన మందే, రాసినన్నిసార్లే.

ఇంకో విషయం ఎవరూ చెప్పరు. చెవి వెనక దురద పుడితే కుక్క వెనక కాలు ఎత్తి గోక్కుంటుంది. ఇప్పుడు ఆ కాలు కోన్‌ని గోకుతుంది. గరగరమని చప్పుడే తప్ప దురద తీరదు. మల్లి అలా గోకీ గోకీ ఆగి, నా వైపు చూసేది. అప్పుడు కోన్ లోపలికి చెయ్యి పెట్టి చెవి వెనక, గడ్డం కింద, పట్టీ కింద గోకేదాన్ని. కళ్ళు మూసుకుని తల బరువంతా నా చేతి మీద వేసేది. రోజుకి నాలుగైదు సార్లయినా ఇది చేయండి. కోన్ వేసింది మీరేనన్న భయం దానికి పోయేది ఇలాగే. గోకుతున్నప్పుడే పట్టీ కింద చర్మం ఎర్రబడిందేమో, తడిగా ఉందేమో చూడండి.

పొద్దు పోవడానికి ఆట ఏదైనా కావాలి. పరుగులు, బంతులు కుదరవు. స్టీలు పళ్ళేనికి పెరుగు పల్చగా పూసి ఫ్రిజ్‌లో గట్టిపడనిచ్చి, దాని మూతి ఎత్తులో పట్టుకోండి. పావుగంట నాకుతుంది, నాకాలన్న కోరికా తీరుతుంది. "కూర్చో", "చెయ్యివ్వు" లాంటివి నేర్పడానికి కూడా ఇది మంచి సమయం.

ఇంట్లో రెండో కుక్క ఉంటే విడిగా ఉంచండి. మీరు దీని నోరు కట్టేస్తే, అది వచ్చి దీని కుట్లు నాకి పెడుతుంది. ప్రేమతోనే చేస్తుంది, నష్టం మాత్రం ఒకటే.

కోన్ తీయక తప్పనప్పుడు

కడగడానికి, మెడ తుడవడానికి రోజుకొకసారి తీయాల్సి వస్తుంది. ముందు డాక్టరుని అడగండి. కంటి ఆపరేషన్ అయితే చాలామంది అసలు తీయొద్దంటారు. తీసేటప్పుడు ఇద్దరుండాలి. ఒకరు కోన్‌ని సబ్బునీళ్ళతో కడిగి ఆరబెడతారు. రెండో మనిషి తాడు చేతికి చుట్టుకుని, కుక్క ముందు కూర్చుని, తల రెండు చేతుల మధ్య పెట్టుకుంటారు. ఆ మనిషికి ఫోను, టీవీ, పొయ్యి ఏవీ ఉండకూడదు. పది నిమిషాల్లో మళ్ళీ తొడగాలి. ఇంట్లో ఒక్కరే ఉంటే ఆ పూట తీయకండి, లోపలే తడిగుడ్డతో తుడవండి.

కోన్ అసలు పడకపోతే

ఒక రోజు గడిచినా తినక, తాగక, వణుకుతూ ఉంటే పంతం వద్దు. డాక్టరుని అడిగి పొట్ట, వీపు గాయాలకి ఒంటి తొడుగు వాడొచ్చు. కొన్నది లేకపోతే చిన్నపిల్లల నూలు టీషర్టు చాలు. మెడ కంతలోంచి తల, చేతుల్లోంచి ముందు కాళ్ళు దూర్చి, కింది అంచుని వీపు మీద పోగుచేసి జుట్టుకి పెట్టే రబ్బరుతో బిగించండి. గాయం పూర్తిగా కప్పాలి, తోక, మూత్రం పోసే చోటు బయట ఉండాలి. మగ కుక్కకి కింద ఎక్కువ పైకి మడవాలి. తడిసిన వెంటనే మార్చాలి, అందుకే మూడు నాలుగు సిద్ధంగా ఉంచుకోండి. బట్టలు నమిలే అలవాటున్న కుక్కకి ఇది పనికిరాదు. టీషర్టు మీద నుంచే నాకి తడి చేస్తున్నా పనికిరాదు.

డాక్టరుకి ఎప్పుడు ఫోన్ చేయాలి

కుట్టు వెంబడి కొద్దిగా ఉబ్బు, లేత గులాబీ రంగు మామూలే. రోజూ ఒకే వేళకి గాయం ఫొటో తీసి పెట్టుకోండి, నిన్నటితో పోల్చడానికి. ఎరుపు పెరుగుతున్నా, చీము, చెడు వాసన, రక్తం వస్తున్నా, కుట్టు విచ్చుకున్నా ఆగకండి. 24 గంటలు ఏమీ తినకపోయినా, వాంతులవుతున్నా, చిగుళ్ళు తెల్లబడినా అంతే. కుక్క మామూలు ఉష్ణోగ్రత 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది, మనకన్నా ఎక్కువ. ఒళ్ళు వెచ్చగా తగిలినంత మాత్రాన జ్వరం కాదు. నొప్పిగా ఉందని ఇంట్లో మాత్రలు వేయొద్దు. ఐబుప్రోఫెన్, డైక్లోఫినాక్ కుక్క కడుపుని, మూత్రపిండాల్ని దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ కూడా డాక్టరు చెప్పకుండా ఇవ్వకూడదు.

కుట్లు విప్పిన రోజు

విప్పేదాకా కోన్ ఉండాలి, క్లినిక్‌కి వెళ్ళే దారిలో కూడా. దారం తీసిన చిన్న కంతలు ఆరడానికి ఇంకో ఒకటి రెండు రోజులు ఉంచమని కొందరు డాక్టర్లు చెప్తారు, అడిగి తెలుసుకోండి. తీసిన మొదటి గంట మీ ఎదురుగానే ఉంచండి. చాలా కుక్కలు ముందుగా ఆ చోటే నాకబోతాయి. ఒకటి రెండుసార్లు నాకితే ఏమీ కాదు, అక్కడే కూర్చుని ఆపకుండా నాకుతుంటే మాత్రం మళ్ళీ తొడగాలి. మెడ చుట్టూ నొక్కుకున్న వెంట్రుకల్ని దువ్వండి. కోన్‌ని పారేయకుండా కడిగి, ఎండలో ఆరబెట్టి, అటక మీద పెట్టుకోండి.

మల్లికి కోన్ తీసి ఇంటికి తెచ్చిన సాయంత్రం, అది గడప దగ్గరికి వచ్చి ఆగింది. మెడ చుట్టూ ఇప్పుడేమీ లేదు. నా వైపు చూసింది. "ఎత్తు" అన్నాను. తల పైకెత్తి, దాటి లోపలికొచ్చింది. ఇంకో వారం రోజులు అలాగే దాటింది.